రెండో తాళంచెవి

"తలుపులు తెరుచుకుంటున్నాయి. లైట్లు వెలుగుతున్నాయి. పాట కూడా పాడుతోంది. కదలమంటే మాత్రం కదలదు. అచ్చం నీలాగే!"

అక్క కారు తాళంచెవిని భోజనాల బల్ల మీద పడేసింది. అది జారుకుంటూ వెళ్ళి తమ్ముడి టీ గ్లాసుకు తగిలి ఆగింది.

తమ్ముడు దాన్ని తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. నల్లగా, కొత్తగా మెరుస్తోంది. గురువారం సాయంత్రం తనే ఈ కొత్త డొప్ప బిగించాడు. పాత డొప్పకి రింగు తగిలించే చోటు విరిగిపోయింది, బటన్లు లోపలికి కుంగిపోయాయి. టేపు చుట్టి ఏడాదిగా నెట్టుకొస్తున్నారు. షోరూములో అడిగితే కొత్త రిమోటు తాళానికి అక్క పాత జీతం నెలరోజులది చెప్పారు. తమ్ముడు రెండు కాఫీల ఖర్చుతో ఖాళీ డొప్ప తెప్పించాడు. లోపలి ఆకుపచ్చ సర్క్యూటు పలకని ఇందులోకి మార్చాడు, ఇనప నాలుక మార్చాడు, బ్యాటరీ వేశాడు. పావుగంటలో పని అయిపోయింది. ఆ పావుగంట గురించి రెండు రోజులు చెప్పుకుని మురిశాడు.

"నిన్న బాగానే ఉందిగా," అన్నాడు.

"నిన్న తలుపులు తీసి చూశావు. స్టార్టు చేసి చూశావా?"

తమ్ముడు తాళంచెవిని మెల్లగా బల్ల మీద పెట్టేశాడు.

ఈ ఇంట్లో అక్కకి అలారం అనీ, తమ్ముడికి నిదానం అనీ పేర్లు పెట్టింది వాళ్ళ నాన్న. గడియారాలు బాగుచేసే మనిషి కంటికి పిల్లలు కూడా గడియారాల్లాగే కనిపించారు. పుట్టిన రోజు నుంచీ ఇల్లంతటినీ లేపిన పిల్ల ఒకతి, ఏ పనికైనా పది నిమిషాలు వెనకబడే పిల్లాడు ఒకడు. ఆయన పోయి పద్నాలుగు నెలలైంది. పేర్లు మిగిలాయి, నిదానం నడిపే కొట్టు మిగిలింది, వాకిట్లో ఈ తెల్లకారు మిగిలింది.

"సోమవారం పొద్దున ఆరున్నరకి మొదటి పేషెంటు ఇంట్లో ఉండాలి నేను," అంది అలారం. "ఊరికి ఆ చివర. పక్షవాతం వచ్చిన పెద్దాయన, రోజూ ఇంటికెళ్ళి వ్యాయామం చేయించాలి. ఆయన తర్వాత ఇంకో నలుగురు, నాలుగు మూలల. ఉద్యోగమిచ్చేవాళ్ళు మొదట అడిగిందే సొంత బండి ఉందా అని. ఉందన్నాను. లేదంటే నా వెనక ఇంకో అమ్మాయి కాచుకుని ఉంది. నాలుగు నెలలైందిరా నేను పని లేక కూర్చుని."

చివరి మాట దగ్గర గొంతు కాస్త తగ్గింది. అలారం గొంతు తగ్గడం ఆ ఇంట్లో అలవాటు లేని విషయం. నిదానం తల దించుకున్నాడు.

వంటింటి గుమ్మంలో తల్లి ఒక స్టీలు డబ్బాని గుడ్డతో తుడుస్తూ నిలబడింది. తుడిచినదాన్నే మళ్ళీ తుడుస్తోంది. మా ఇంట్లో దుమ్ము కూడా మీ అమ్మ పర్మిషన్ లేకుండా వాలదర్రా అని నాన్న నవ్వేవాడు.

"పొద్దున్నే అరుపులొద్దు," అంది. "తాళాలాయనకి ఫోన్ చేశాను. వస్తున్నాడు."

మరో ఇంట్లో అయితే ఇది మామూలు మాట. ఈ ఇంట్లో కాదు. మిక్సీ అయినా ఫ్యానైనా కుళాయైనా, పాడైతే ఇంట్లోవాళ్ళే విప్పాలి, ఇంట్లోవాళ్ళే బిగించాలి. బాగుచేసేవాడి ఇంటికి ఇంకో బాగుచేసేవాడు రావడం నిదానానికి తల కొట్టేసినట్టయింది.

"నన్నొక్కమాట అడగొచ్చుగా అమ్మా. సాయంత్రానికి నేనే చూసేవాణ్ణి."

"నువ్వు చూసేసరికి సోమవారం కాస్తా గురువారమవుతుంది," అంది అక్క.

*

తాళాలాయన పొట్టి మనిషి. భుజాన ఒక సంచి, ముక్కు చివర కళ్ళద్దాలు. వచ్చీ రాగానే కారులో కూర్చుని తాళం తిప్పాడు. స్టీరింగు వెనక చిన్న ఎర్రదీపం టపటపా కొట్టుకోవడం చూసి, అదీ సంగతన్నట్టు తలాడించి లోపలికొచ్చాడు. గోటితో డొప్ప రెండుగా విప్పి బల్ల మీద పరిచాడు.

"పని శుభ్రంగా చేశావు బాబూ. ఒక్కటే మర్చిపోయావు." ఒక మూలనున్న ఖాళీ గుంట చూపించాడు. "ఇక్కడ బియ్యపు గింజంత నల్లముక్క ఉండాలి. చిప్ అంటారు. ఈ బటన్లతో దానికి పనిలేదు, బ్యాటరీతోనూ పనిలేదు. తాళం తిప్పగానే కారు దాన్ని 'నువ్వేనా?' అని అడుగుతుంది. అది 'నేనే' అంటేనే ఇంజను లేస్తుంది. లేదంటే మీరు తలకిందులుగా తపస్సు చేసినా లేవదు. పిట్ట కొంచెం, కూత ఘనం."

"మరి అది ఎక్కడికి పోయింది?" అంది అలారం.

"ఎక్కడికీ పోదమ్మా. పాత డొప్ప లోపలే అతుక్కుని ఉంటుంది. డొప్ప మార్చేవాళ్ళలో సగంమంది దాన్ని చూసుకోరు. ఆ పాతది పట్రండి, ఐదు నిమిషాల పని. డబ్బు కూడా వద్దు, ఒక టీ ఇవ్వండి చాలు."

ఇంట్లో గాలి ఒక్కసారి తేలికపడింది. అలారం నవ్వేసింది కూడా. "హమ్మయ్య! పాతది ఏదిరా?"

నిదానం బల్ల వైపు చూశాడు. గురువారం తను పని చేసిన చోటు. పాత డొప్పనీ టేపు ముక్కల్నీ వార్తాపత్రిక మీదే వదిలేసి స్నానానికి వెళ్ళాడు. ఇప్పుడక్కడ పత్రిక లేదు. బల్ల అద్దంలా మెరుస్తోంది. తర్వాత తల్లి వైపు చూశాడు. ఒక్క క్షణమే.

"పారేశాను," అన్నాడు.

తల్లి చేతిలో గుడ్డ ఆగిపోయింది.

"ఎక్కడ పారేశావ్?"

"చెత్తబుట్టలో. నిన్న పొద్దున బండి వచ్చి తీసుకెళ్ళింది."

ఇక అలారం మోగింది. ఏం మాటలన్నదో రాయడం ఎందుకు, అక్కలున్న తమ్ముళ్ళందరికీ తెలిసినవే. తాళాలాయన తన కళ్ళద్దాలు తీసి, అవసరం లేకపోయినా తుడుచుకుని, గొడవ సద్దుమణిగాక మెల్లగా అందుకున్నాడు.

"షోరూముకి వెళ్ళకండి. చిప్పే లేదంటే వాళ్ళు తాళాల సెట్టంతా మార్చాలంటారు, లోపల కంప్యూటరు పెట్టె మార్చాలంటారు. కారు ధరలో సగం అక్కడే పోతుంది. ఏ తాళమూ లేకుండా నేనూ చేయగలను, కానీ కంపెనీ నుంచి నంబరు రావాలి. బుధవారం అవుతుంది, ఖర్చూ ఎక్కువే. అన్నిటికన్నా చవకైన దారి ఒకటుంది." ఆగాడు. "కొన్నప్పుడు రెండు తాళాలిచ్చి ఉంటారుగా. రెండోది తెస్తే దాని చిప్ చూసి ఇంకోటి రాసి పెడతాను. చిప్ ఖరీదు, నా ఆటో ఖర్చు, అంతే. అసలు రెండోది చేతికొస్తే అమ్మాయి ఇవాళే కారు తీసుకెళ్ళొచ్చు. ఉందా?"

ముగ్గురూ మూడు వైపులకి చూశారు.

"ఉంది," అంది తల్లి చివరికి. "మా దగ్గర లేదు."

తాళాలాయన లోకం చూసిన మనిషి. ఏ ఇంట్లోనైనా తలుపులకన్నా నోళ్ళకే గట్టి తాళాలుంటాయని ఆయనకి తెలుసు. టీ తాగి, తాళం దొరికితే ఫోన్ చేయమని చెప్పి వెళ్ళిపోయాడు.

*

ఆ కారు ఇంటికొచ్చిన రోజు అలారానికి పదహారేళ్ళు. నాన్నా బాబాయీ కలిసి కొన్నారు, కొట్టు మీద ఇద్దరూ కలిసి సంపాదించిన దానితో. రెండు తాళాలిస్తే, నాన్న ఒకటి బాబాయి జేబులో తనే పెట్టాడు. ఒకటి నీది, ఒకటి నాది అన్నాడు. ఇద్దరికీ డ్రైవింగు సరిగా రాదు. ఆ సాయంత్రం గేటు లోపలే కారులో కూర్చుని, ఒకడు తాళం వేస్తే ఇంకొకడు తీస్తూ, దాన్ని కుయ్ కుయ్‌మనిపిస్తూ గంటసేపు చిన్నపిల్లల్లా ఆడుకున్నారు. తల్లి గుమ్మంలో నిలబడి పక్కింటివాళ్ళు నవ్వుతారు రండి అని పిలిచింది. పిలుస్తూ తనే నవ్వింది.

తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ ఇంటి సాయంత్రానికి అదే గుర్తు. ఏడు గంటలకి గేటు దగ్గర కారు ఆగేది. తాళం వేసిన చప్పుడు ఒకసారి, పడిందో లేదోనని మళ్ళీ ఒకసారి. గడియారాలవాడు ఏ వస్తువునీ ఒక్క చప్పుడుకి నమ్మడు. ఆ రెండో కూత వినగానే తల్లి చెయ్యి స్టవ్ మీదికి వెళ్ళేది. టీ నీళ్ళు మరిగేలోపు అన్నదమ్ములిద్దరూ చెప్పులు విడిచి లోపలికొచ్చేవారు. తర్వాత్తర్వాత నాన్న ఒక్కడే వచ్చేవాడు. ఏడాదికోసారి మాత్రం బాగా ఆలస్యమయ్యేది, సామాన్ల బజారుకి వెళ్ళొచ్చానని చెప్పేవాడు.

ఇప్పుడు అలారం కూడా తాళం వేస్తుంది. ఒక్కసారే నొక్కుతుంది. రెండో కూత ఆ ఇంట్లో విని పద్నాలుగు నెలలైంది.

"నేను వెళ్ళి అడుగుతాను బాబాయిని," అంది అలారం.

"వద్దు," అంది తల్లి.

"ఎందుకు వద్దు? ఉద్యోగం నాది. ఒక్క తాళం అడుగుతాను, ఆస్తి కాదు."

"ఆ ఇంటి గుమ్మం మనం తొక్కక్కర్లేదు. వాటా ఉందని చెప్పుకోవడానికే ఆ తాళం ఉంచుకున్నాడు. ఇప్పుడు వెళ్ళి అడిగితే..."

"ఎప్పుడైనా వాటా అడిగాడా? ఎనిమిదేళ్ళలో ఒక్కసారి? నాన్న పోయినరోజు వచ్చి పొద్దున్నించి సాయంత్రం దాకా గేటు బయట నిలబడ్డాడమ్మా. మనలో ఒక్కళ్ళం కూడా లోపలికి రమ్మనలేదు. నాకు ఇప్పటికీ సిగ్గేస్తుంది."

తల్లి స్టీలు డబ్బా మూత తీసింది, పెట్టింది.

"అసలు ఆయన చేసిన నేరమేంటి?" అలారం ఆగలేదు. "ఎవరిదో గడియారంలో చిన్న ముక్క పారేశాడు. అంతేగా? ఇవాళ వీడూ అదే చేశాడు. వీడికి ఇప్పుడే రెండోసారి టీ పోశావు. బాబాయికైతే ఎనిమిదేళ్ళు! కొడుక్కి ఒక పూట, మరిదికి ఒక జన్మా?"

"అక్కా, ఇక చాలు," అన్నాడు నిదానం.

"నువ్వు మాట్లాడకు. నాన్న గుర్తులు కూడా పారేశావ్."

అదీ నిజమే. గడియారాలవాళ్ళకో పద్ధతి ఉంది. బ్యాటరీ మార్చినప్పుడల్లా మూత లోపలివైపు సూదిమొనతో తమ గుర్తూ తేదీ గీస్తారు. గడియారం మళ్ళీ ఎప్పుడొచ్చినా, ఎవరు ఎప్పుడు తెరిచారో తెలియాలి. నాన్న గుర్తు ఒక నిలువు గీత, పక్కన చుక్క. కారు తాళం డొప్పలో కూడా ఏడాదేడాదీ గీసేవాడు. గురువారం విప్పినప్పుడు నిదానం వాటిని అక్కకి చూపించాడు. ఇద్దరూ భూతద్దం ఒకరి చేతిలోంచి ఒకరు లాక్కుని చూశారు.

ఆ సంగతి గుర్తొచ్చి అలారం ఉన్నట్టుండి ఆగిపోయింది. తమ్ముడి ముఖంలోకి చూసింది.

"ఒరేయ్. నువ్వే కదరా, ఈ డొప్పని కొట్టులో నాన్న ఫొటో పక్కన పెడతానన్నావు."

నిదానం టీ గ్లాసు పక్కకి జరిపాడు.

"అలాంటిది నువ్వెలా పారేస్తావ్?"

"పారేసింది వాడు కాదు," అంది తల్లి.

"అమ్మా, వదిలెయ్," అన్నాడు నిదానం.

"వదలను." ఆవిడ కుర్చీ లాక్కుని కూర్చుంది. పొద్దున్నించి అదే కూర్చోవడం. "పత్రిక మీద చెత్తనుకున్నాను. నాలుగు మూలలూ కలిపి చుట్టేసి బుట్టలో వేశాను. ఆ తాళాలాయన అడిగినప్పుడే నాకు తెలిసింది. వీడికీ తెలిసింది. నన్ను చూశాడు, తన మీద వేసుకున్నాడు. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. మళ్ళీ."

"మళ్ళీ ఏమిటి?"

తల్లి తన రెండు చేతుల్నీ బల్ల మీద పెట్టి వాటినే చూస్తూ మాట్లాడింది.

"ఆరోజు కొట్టుకి క్యారేజీ తీసుకెళ్ళాను. సంగీతం టీచరు ఒకావిడ, వాళ్ళమ్మ నాటి గోడగడియారం ఇచ్చింది. మీ బాబాయి దాన్ని విప్పి తెల్లగుడ్డ మీద వరసగా పేర్చాడు. పక్కనే ఇంకో గుడ్డ, మురికిగా. తుడిచే గుడ్డనుకున్నాను. నా చేతులు ఊరుకోవు కదా. తీసి గుమ్మంలో దులిపాను. ఇత్తడి ముక్క ఒకటి ఠంగుమని కాలవలో పడింది. నేను విన్నాను. మీ బాబాయీ విన్నాడు."

గోడ మీది గడియారం కొట్టుకుంటోంది.

"అంతలో మీ నాన్న ఆ టీచరుని వెంటబెట్టుకుని వచ్చారు. ఆ ముక్క ఏదిరా అన్నారు. ఆ అబ్బాయి నా వైపైనా చూడలేదు. నా చెయ్యి జారిందన్నయ్యా అన్నాడు. ఆవిడ ముందే మీ నాన్న, పారేసే చేతికి పనిముట్లెందుకు, లేచి పో అన్నారు. అతను కంటికి పెట్టుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టి వెళ్ళిపోయాడు. నేను క్యారేజీ మూతలు బిగిస్తూ కూర్చున్నాను."

"నాన్నకి చెప్పలేదా?"

"సాయంత్రం చెబుదామనుకున్నాను. సాయంత్రం ఆయన అన్నం తినలేదు. రేపు చెబుదామనుకున్నాను. రేపు, రేపు అంటూ ఏడేళ్ళు గడిచాయి. తర్వాత చెప్పడానికి మనిషే లేడు." ఆవిడ కళ్ళు తుడుచుకోలేదు. అన్నీ తుడిచే మనిషి, అవి మాత్రం తుడుచుకోలేదు. "వాటా కోసం తాళం ఉంచుకున్నాడని మీతో అన్నది కూడా నేనే. ఆ అబ్బాయిని చెడ్డవాణ్ణి చేసుకుంటే నాకు నిద్రపట్టేది. అతని ఇంటికి వెళ్ళొద్దంటున్నది పౌరుషం కాదర్రా. మొహం లేక."

నిదానం లేచి తల్లి పక్కన కూర్చున్నాడు. ఆ పూట అతను ఆలస్యం చేయకుండా చేసిన పని అదొక్కటే.

కాసేపటికి తల్లి ఫోను తీసుకుంది. మరిది నంబరు అందులో లేదు. వేళ్ళకి మాత్రం గుర్తుంది.

అవతల ఎత్తారు. ఈవిడ ఫోను చెవికి అదుముకుని వింది. అవతల, అతను విడిగా పెట్టుకున్న కొట్టులో, గడియారాల టిక్కుటిక్కు తప్ప చప్పుడు లేదు.

"వదినా?" అంది ఆ గొంతు.

"కారు కదలట్లేదు," అంది ఆవిడ.

ఇంకేమీ అనలేకపోయింది. అవతలి మనిషి ఒక మాటన్నాడు. ఫోను పెట్టేశాడు.

"ఏమన్నాడు?" అక్కాతమ్ముళ్ళు ఒకేసారి అడిగారు.

"సరే అన్నాడు."

"సరే అంటే? వస్తానని సరేనా, ఇస్తానని సరేనా, విన్నానని సరేనా?" అంది అలారం.

"సరే అంటే సరే. అంతకన్నా నేనేం అడిగాను కనక?"

*

మధ్యాహ్నమైంది. ఎవరూ రాలేదు. మూడైంది, నాలుగైంది. అలారం గేటు దాకా వెళ్ళడం, రావడం. ఐదుకి అద్దె కార్లవాళ్ళకి ఫోన్ చేసింది. వాళ్ళు చెప్పిన రేటు విని, ఆ లెక్కన నేనే పేషెంట్లకి ఎదురివ్వాలి అంటూ పెట్టేసింది.

తల్లి ఆరోజు సాయంత్రం ఇల్లు ఊడవలేదు. ఆ ఇంటి చరిత్రలో అది మొదటిసారి. చీపురు మూలన అలాగే ఉంది. పిల్లలిద్దరూ గమనించారు, గమనించనట్టున్నారు.

చీకటి పడే వేళ ముగ్గురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మధ్యలో తాళాలాయన విప్పిపెట్టిన తాళంచెవి అలాగే ఉంది. డొప్ప ఒకవైపు, ఆకుపచ్చ పలక ఒకవైపు, బ్యాటరీ ఒకవైపు.

"ఆరున్నరకి ఆ అమ్మాయినే పంపమని చెప్పేస్తాను," అంది అలారం నెమ్మదిగా. "సోమవారం పొద్దున చెప్పడంకన్నా ఇప్పుడు చెప్పడం మర్యాద."

ఫోను చేతిలోకి తీసుకుంది.

బయట, వాకిట్లో, కారు కుయ్‌మంది.

ముగ్గురి చూపూ బల్ల మీది ముక్కల మీద పడింది. బ్యాటరీ ఎక్కడిదక్కడే ఉంది.

కారు మళ్ళీ కుయ్‌మంది.

తల్లి లేచింది. గేటు వైపు కాదు, వంటింట్లోకి. ఎందుకు లేచిందో ఆవిడకే తెలియదు. గిన్నె స్టవ్ మీద పెట్టి, నీళ్ళు పోసి, వెలిగించాక, అప్పుడు గట్టు పట్టుకుని ఏడ్చింది.

*

బాబాయి జుట్టు నెరిసిపోయింది. గుమ్మం బయటే నిలబడ్డాడు. అదే గేటు దగ్గర నిలబడ్డ మనిషి, ఇప్పుడు నాలుగడుగులు దగ్గరగా.

"కొట్టు కట్టేసి వచ్చేసరికి ఆలస్యమైంది," అన్నాడు. తాళంచెవి అలారం చేతిలో పెట్టాడు. "చూడమ్మా, లేస్తుందేమో."

అలారం ఒక్క పరుగున వెళ్ళింది. ఇంజను మొదటిసారికే లేచింది. కారులోంచి అరిచిన కేక వీధి చివరిదాకా వినిపించి ఉంటుంది. సోమవారం ఆరున్నర మళ్ళీ ఆమెదైంది. కారు ఆపి, వచ్చి బాబాయి రెండు చేతులూ పట్టుకుంది. "లోపలికి రా బాబాయ్. ఆరోజు పిలవలేదు. ఇవాళ పిలుస్తున్నాను," అంది.

ఆయన వచ్చి కూర్చున్నాడు. తన పాత కుర్చీలో కాదు, దాని పక్కదాంట్లో. తల్లి టీ గ్లాసు తెచ్చి ముందు పెట్టింది. కొంచెం టీ బల్ల మీద ఒలికింది. తుడవలేదు.

"నీతో ఒక మాట చెప్పాలి," అంది. "ఎనిమిదేళ్ళ కిందట చెప్పాల్సింది. ఆ గుడ్డ..."

"అయిపోయింది వదినా. టీ బాగుంది."

"నువ్వింకా తాగనే లేదు."

ఆయన నవ్వాడు. నవ్వితే అచ్చం అన్నగారే. తల్లి చూపు తిప్పేసుకుంది.

నిదానం రెండో తాళంచెవిని అరచేతిలో పెట్టుకుని బరువు చూస్తున్నట్టు ఆడిస్తున్నాడు. "బాబాయ్, బ్యాటరీ మహా అయితే రెండేళ్ళు వస్తుంది. ఇది ఇన్నేళ్ళు ఎలా బతికింది?"

"మారుస్తుంటాంగా."

"నువ్వు మార్చావా? కారే లేని తాళానికి?"

"పనిచేసే వస్తువుని చావనివ్వలేం కదరా. ఇలా ఇయ్యి." చెయ్యి చాచాడు. "ఇప్పుడు విప్పడం దేనికి? పని చేస్తోందిగా."

కానీ గడియారాలవాడి గోరు అప్పటికే సందులో దూరింది. డొప్ప విడిపోయింది. నిదానం జేబులోంచి భూతద్దం తీసి కంటికి పెట్టుకున్నాడు. బాబాయి చాచిన చెయ్యి గాల్లోనే ఆగి, మెల్లగా కిందికి దిగింది.

నిదానం చాలాసేపు చూశాడు. అతనెప్పుడూ నిదానమే, కానీ ఇది ఆ నిదానం కాదు. ఏమీ అనకుండా భూతద్దాన్నీ ఆ మూతనీ తల్లి చేతిలో పెట్టాడు.

నిలువు గీత, పక్కన చుక్క. దాని పక్కన తేదీ. కింద మళ్ళీ నిలువు గీత, చుక్క, తేదీ. అన్నీ ఒకే నెలలోవి, ఏడాదికొకటి. నాన్న సామాన్ల బజారుకి వెళ్ళొచ్చానని చెప్పిన సాయంత్రాలు. తల్లి లెక్కపెట్టింది. ఏడు. చివరిది ఆయన పోవడానికి మూడు వారాల ముందుది.

"మీ అన్నయ్య నీ దగ్గరికి వచ్చేవారా?" అంది.

"ఏడాదికోసారి."

"ఎందుకు?"

"బ్యాటరీ మార్చడానికి."

"బ్యాటరీలు నీ కొట్టులో లేవా?"

మరిది గ్లాసు అంచు చుట్టూ వేలు తిప్పాడు. తల్లి మూతని బల్ల మీద పెట్టింది, పగిలిపోతుందేమోనన్నంత జాగ్రత్తగా.

"ఆ గుడ్డ సంగతి మీ అన్నయ్యకి తెలుసా?"

ఆయన టీ గ్లాసు కింద పెట్టాడు.

"వదినా," అన్నాడు, "ముందు మీరు కూర్చోండి."